ముందు పుస్తకం అనే మడి

చదివే అలవాటున్న మన ఇళ్ళల్లో ఒక నియమం ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరం పాటిస్తాం. పాటించకపోతే పాటిస్తున్నట్టు చెప్పుకుంటాం. పుస్తకం చదివాకే సినిమా. పిల్లల విషయంలోనైతే మరీను. "హాబిట్ పూర్తి చేస్తే గానీ లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చూపించేది లేదు" అని గర్వంగా చెప్పుకునే తల్లిదండ్రులు నా స్నేహితుల్లోనే అరడజను మంది ఉంటారు. ఏడాది కిందటి వరకూ ఆ అరడజనులో నేనూ ఒకణ్ణి.

అది పుస్తకాల మీద ప్రేమ అనుకునేవాణ్ణి. ఇప్పుడు మడి అంటున్నాను. సినిమా తాకితే పుస్తకం మైలపడిపోతుందని మన భయం. మడి కట్టుకున్న ఇంట్లో ఎవరో ఒకరు గడప బయట నిలబడాల్సిందే కదా. మా ఇంట్లో అలా నిలబడింది మా అమ్మ.

జరిగింది చెప్తాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నిరుడు వేసవి సెలవుల్లో హాబిట్ చేతిలో పెట్టాను. అది పూర్తి చేస్తే పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాలు (2001, 2002, 2003) వరసగా మూడు శనివారాలు చూపిస్తానని ఒప్పందం. నలభయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్ ఆగిపోయింది. బడి తెరిచారు, దసరా వచ్చింది, బుక్‌మార్క్ అక్కడే ఉంది. నేను వారానికోసారి "ఎంతవరకూ వచ్చింది?" అని అడిగేవాణ్ణి. "చదువుతున్నా నాన్నా" అనేది. ఆ జవాబు నాకు బాగా తెలుసు, ఆఫీసులో స్టేటస్ మీటింగుల్లో నేను ఇచ్చేదీ అదే.

ఒక శనివారం ఆఫీసు కాల్ ముగించుకుని గదిలోంచి బయటికొస్తే హాల్లో టీవీలో ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్ నడుస్తోంది. మోరియా గనుల దాకా వచ్చేశారు. మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని, నానమ్మ కొంగు సగం మొహానికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చూస్తూనే గబగబా తెలుగులో చెప్పుకుపోతోంది, ఆ గడ్డం ఆయన మంచివాడని, ఆ ఉంగరం తీసి ఎవరికీ ఇవ్వకూడదని, ఇచ్చినా ప్రమాదమే, పెట్టుకున్నా ప్రమాదమే అని. అమ్మ ఊఁ కొడుతోంది.

నేను రిమోట్ లాక్కుని ఆపేశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, గట్టిగానే అరిచాను కూడా. పిల్ల మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. అమ్మ మాత్రం తాపీగా అడిగింది. "చదివాకే చూడాలంటావు, బానే ఉంది. నాకు ఇంగ్లీషు రాదు గదరా. అయితే నాకీ కథ లేనట్టేనా?"

మా అమ్మ చదువు రాని మనిషి కాదు. వారపత్రికల సీరియల్స్ చింపి, కుట్టి, బైండు చేయించుకుని చదివిన తరం. లెక్క తీస్తే నాకంటే ఎక్కువ నవలలు చదివి ఉంటుంది. ఆవిడకి నేను పెట్టిన నియమం ఏమిటంటే, ముందు నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదువుకో, ఇంజనీరింగ్ చెయ్యి, తర్వాత వచ్చి సోఫాలో కూర్చో అని. ఇంత మొరటుగా నేనెప్పుడూ అనుకోలేదు. కానీ నియమానికి నా అభిప్రాయంతో పనేముంది? రాసినవాడు ఏమనుకుని రాశాడన్నది కోడ్‌కి అనవసరం. రాసింది రాసినట్టు నడుస్తుంది.

పోనీ, నియమం పెట్టిన నేను ఏం చేశాను? ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడో డీసీ ప్లస్ ప్లస్‌లో పెట్టిన ఫైల్స్ దించుకుని, మూడు సినిమాలూ రెండు రాత్రుల్లో చూశాను. అప్పటికి టోల్కీన్ అంటే ఒక మనిషి పేరని కూడా తెలీదు. ఆ తర్వాతే అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకం కోసం వెతికాను. దొరికింది రెండో భాగం ఒక్కటే, టూ టవర్స్. అట్టలేనిది. అక్కణ్ణించే మొదలుపెట్టాను. అంటే నేను సినిమా ముందు చూసి, ఆ తర్వాత పుస్తకం మధ్యలోంచి చదివినవాణ్ణి. నా ఊహాశక్తి చచ్చిపోలేదు, టోల్కీన్ మీద ప్రేమా తగ్గలేదు. ఇరవై ఏళ్ళయ్యాక నా కూతురికి నేను పడని పరీక్ష పెట్టాను. ఈ నియమం గురించి గట్టిగా మాట్లాడే స్నేహితుల్ని విడిగా అడిగి చూశాను. సగం మంది కథ ఇదే.

సినిమా ముందు చూస్తే బొమ్మలు మెదడులో అచ్చుపడిపోతాయని, ఇక సొంతంగా ఊహించుకోలేరని అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. నాకు గాండాల్ఫ్ అంటే ఇయన్ మెకెల్లెనే, ఎంత ప్రయత్నించినా ఇంకో మొహం రాదు. అయితే బొమ్మ లేని పుస్తకం అనేది పిల్లల సాహిత్యంలో ఎప్పుడుంది? హాబిట్‌కి టోల్కీనే స్వయంగా బొమ్మలు వేశాడు, మ్యాపులు గీశాడు. మన అమ్మానాన్నల తరానికి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ ఉండేవి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు. మా అమ్మని ఆ కథలేమిటని అడిగితే సగం మర్చిపోయింది. చిత్రా వేసిన బొమ్మలు మాత్రం మర్చిపోలేదు. కథంటే ఆవిడకి ముందు గుర్తొచ్చేది బొమ్మే. ఆ బొమ్మల వల్ల చందమామ చదివినవాళ్ళ ఊహాశక్తి మొద్దుబారిందని ఇప్పటిదాకా ఒక్కరూ అనగా నేను వినలేదు. సినిమా బొమ్మకే ఎందుకీ అంటరానితనం?

మాయాబజార్ సంగతి చూడండి. వ్యాసభారతంలో ఈ శశిరేఖ పెళ్ళి కథే లేదు. 1957లో సినిమా వచ్చినప్పుడు "ముందు భారతం పద్దెనిమిది పర్వాలూ చదివి రండి" అని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. పాతాళభైరవి (1951) చూసినవాళ్ళని కాశీమజిలీ కథలు చదివారా అని ఎవరూ నిలదీయలేదు. అసలు మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ పుస్తకంలో ఏర్పాటే వేరు. కాశీకి పోయే దారిలో కుర్రవాడు తోడు రావాలంటే మజిలీకో కథ చెప్పాలి. ముందు కథ చెప్తేనే కుర్రాడు కదులుతాడు. మనమేమో ముందు నడిచి చూపించు, తర్వాత కథ అంటున్నాం. ఇన్ని కథల్ని ఇన్ని రకాలుగా విని, చూసి, మార్చుకున్న మనం, ఇంగ్లీషు పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఎందుకింత ఆచారవంతులమైపోతాం? సమాధానం మొహమాటం లేకుండా చెప్పుకుందాం. ఆ పుస్తకం మనకి కష్టపడి సంపాదించుకున్న హోదా. ఊరికే సినిమా చూసినవాడు మన పక్కన కూర్చుంటే ఆ హోదా తగ్గినట్టుంటుంది.

ఈ నియమానికి నిజమైన అధికారం ఉన్న మనిషి ఒకడున్నాడు. టోల్కీన్ మూడో కొడుకు క్రిస్టొఫర్. తండ్రి వదిలివెళ్ళిన కాగితాల కట్టల్లోంచి 1977లో సిల్మరిలియన్ బయటికి తెచ్చాడు, ఆ తర్వాత మిడిల్ ఎర్త్ చరిత్రని పన్నెండు సంపుటాలుగా ప్రచురించాడు. 2020లో తొంభై అయిదేళ్ళ వయసులో పోయాడు. జాక్సన్ సినిమాలంటే ఆయనకి గిట్టేది కాదు. 2012లో ల మోంద్ పత్రికతో మాట్లాడుతూ పుస్తకం పేగులు తీసేసి కుర్రాళ్ళ యాక్షన్ సినిమా చేశారన్నట్టు బాధపడ్డాడు. సినిమా అభిమానులకి ఆ మాట కోపం తెప్పించింది గానీ, నాకు రాలేదు. జీవితమంతా ఆ పనికి ఇచ్చినవాడు ఆ మాట అనొచ్చు.

కానీ అదే క్రిస్టొఫర్‌కి హాబిట్ మొదట ఎలా చేరింది? పుస్తకంగా కాదు. పుస్తకం 1937లో వచ్చింది. అంతకు ముందే తండ్రి రాత్రిళ్ళు పిల్లలకి చెప్పేవాడు. చిన్న క్రిస్టొఫర్ మధ్యలో లేచి, మొన్న బిల్బో ఇంటి తలుపు నీలం రంగన్నావు, ఇవాళ ఆకుపచ్చ అంటున్నావేంటని పట్టుకునేవాడట. ఎడిటర్‌గా ఆయన మొదటి ఉద్యోగం అదీ. అది చేసింది చదివి కాదు, విని. ముందు పుస్తకమా సినిమా అన్న ప్రశ్నకి ఆయన బాల్యం ఇచ్చే జవాబు, ముందు నాన్న గొంతు. నేను ఎగ్గొట్టింది సరిగ్గా దాన్నే. పిల్ల చేతిలో పుస్తకం పెట్టి, ఒప్పందం రాయించుకుని, నా లాప్‌టాప్ ముందుకి పోయాను. పైగా అదంతా టోల్కీన్ మీద భక్తి అనుకున్నాను.

ఇంకో తమాషా. ముందు పుస్తకం అంటున్నాం సరే, ఏ పుస్తకం? 1937 హాబిట్‌లో గొల్లమ్ పొడుపుకథల పందెంలో ఉంగరాన్నే బహుమతిగా ఒడ్డుతాడు, ఓడిపోయాక అది కనిపించక పాపం క్షమాపణ చెప్పుకుని దారి చూపిస్తాడు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసేటప్పటికి ఉంగరం సంగతి మారిపోయింది కనక, ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు టోల్కీన్. 1951 నుంచి మనం చదువుతున్నది ఆ కొత్తదే. మా భాషలో చెప్పాలంటే, రెండో రిలీజ్‌కి తగ్గట్టు మొదటి రిలీజ్‌లోకి మార్పులు తోసేశాడు. రచయితే తన కథని అలా మార్చుకుంటే మనం ఏ ప్రతికి మడి కడుతున్నట్టు?

ఆ శనివారం తర్వాత మళ్ళీ టీవీ పెట్టించాను. మళ్ళీ మొదటి నుంచి, ముగ్గురం కలిసి. మా ఆవిడ మధ్యలో వచ్చి చేరింది, ఆమెకి డ్రాగన్లంటే విసుగు. గాండాల్ఫ్ వచ్చి ఫ్రోడోని పంపించే దగ్గర అమ్మ "విశ్వామిత్రుడు ఇలాగే వస్తాడు, మంచి పనికే వస్తాడు, పిల్లల్ని తీసుకుపోతాడు" అంది. అది ఊహించదగ్గ మాటే. ఊహించనిది కాసేపయ్యాక వచ్చింది. శామ్‌ని చూపించి, "గిన్నెలన్నీ వీడొక్కడే మోస్తున్నాడేంటి? పాలేరా?" అంది.

నేను ఆ పుస్తకం మూడుసార్లు చదివాను. శామ్ ఫ్రోడో ఇంటి తోటమాలి అనీ, వాళ్ళ నాన్నా అదే పని చేశాడనీ తెలుసు. చివరిదాకా అతను 'మిస్టర్ ఫ్రోడో' అంటూనే ఉంటాడనీ తెలుసు. నాకది ముచ్చటైన స్నేహంలాగే కనిపించింది. మా తాతగారింట్లో పాలేరు ఉండేవాడు. అమ్మ ఆ ఇంట్లో పెరిగింది. ఆవిడకి శామ్ నడక, వెనకాల ఉండే ఆ రెండడుగుల దూరం, తను తినేముందు దొరగారు తిన్నారా అని చూసుకోవడం, అన్నీ తెలుసు. "వాడికి జీతం ఎంత?" అని మా అమ్మాయి అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. టోల్కీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో కింది స్థాయి సైనికుల్ని చూసి శామ్‌ని అలా మలిచాడని చదివాను, అదే చెప్పాను. అమ్మ "అదే గదరా, పాలేరే" అంది. నేను రాసుకున్న టోల్కీన్ వ్యాసాల్లో ఒక్కదాంట్లో కూడా ఈ ప్రశ్న లేదు. ఇంగ్లీషు రాదని నేను గడప బయట పెట్టిన మనిషి అడిగిన ప్రశ్న ఇది.

అన్ని సినిమాలూ మంచివేనని నేను అనడం లేదు. హాబిట్‌ని మూడు సినిమాలు చేసి (2012, 2013, 2014) దాదాపు ఎనిమిది గంటలు లాగడం నిలువు దోపిడీ. పిల్లలకి చెప్పిన మూడొందల పేజీల కథ అది. ఉల్లిపొర దోసె వేసే పిండితో పెళ్ళి భోజనం పెట్టినట్టుంది. పుస్తకంలో లేని టారియల్ అనే ఎల్ఫ్ అమ్మాయినీ, ఆమెకో ప్రేమకథనీ అతికించారు. ఆ అతుకు మీద నేను విసుక్కుంటుంటే మా అమ్మాయి "మరి పుస్తకంలో అమ్మాయిలే లేరు కదా" అంది. నిజమే. బిల్బో తల్లి పేరొకటి వస్తుంది, నోరు తెరిచి మాట్లాడే ఆడమనిషి లేదు. అది నలభై పేజీల దగ్గర ఎందుకు ఆగిందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. పుస్తకంలో నిజంగా ఉన్న వెలితికి సినిమావాళ్ళు అధ్వాన్నమైన అతుకు వేశారు. అతుకుని తిట్టే హడావిడిలో వెలితి సంగతి నేను ఎత్తనేలేదు.

కోపం తెచ్చుకోవాల్సిన చోటు వేరే ఉంది. ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ నవలల్లో (మొదటిది 1968) మాంత్రికుడు గెడ్ తెల్లవాడు కాదు. ఎర్రటి గోధుమరంగు చర్మం. అతని స్నేహితుడు వెచ్ నల్లనివాడు. అది పొరపాటున జరిగింది కాదు, ఆవిడ తెలిసి చేసిన పని. 2004లో అమెరికాలో సై-ఫై చానల్ దాన్ని టీవీ సీరీస్‌గా తీసినప్పుడు గెడ్‌ని తెల్లకుర్రాడిగా చేసేసింది. లె గ్విన్ బహిరంగంగా వ్యాసం రాసి నిరసన తెలిపింది. టామ్ బొంబడిల్‌ని సినిమాలో తీసేశారని, గ్లోర్‌ఫిండెల్ బదులు అర్వెన్‌ని గుర్రం ఎక్కించారని గంటలు గంటలు వాదించుకునే మనవాళ్ళు, ఈ సంగతి ఎత్తడం నేను వినలేదు. నా కూతురి రంగున్న మాంత్రికుడు ఒక్కడుంటే వాణ్ణి తెల్లగా కడిగేశారు. ఇది ముందా తర్వాతా అన్న ప్రశ్న కాదు. ఆ సీరీస్‌ని పుస్తకం చదివాక కూడా చూపించను. అన్నట్టు, ఎర్త్‌సీ పుస్తకాల అట్టల మీద కూడా చాలాకాలం తెల్లమొహాలే వేశారని లె గ్విన్ చెప్పుకుంది. అంటే మనం పవిత్రం అనుకునే పుస్తకం కూడా చేతికి వచ్చేలోపే ఒకడి చేతిలో మారి వస్తోంది.

అదే ఎర్త్‌సీని 2006లో జిబ్లి స్టూడియోలో గోరో మియాజాకీ తీశాడు. ఆవిడకి అదీ పూర్తిగా నచ్చలేదు, కానీ అది తన పుస్తకం కాదనీ అతని సినిమా అనీ ఆ దర్శకుడితో మర్యాదగా అన్నదట. రెండు సందర్భాలకీ ఆవిడ చూపించిన తేడా మన అభిమాన సంఘాలకి రావాలి.

సినిమా వల్ల నిజంగా పోగొట్టుకునేవి ఉన్నాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చివర్లో షైర్ కథ. పుస్తకంలో నలుగురు హాబిట్లూ అంత యుద్ధం చేసి ఇంటికొస్తే ఊరు ఊరులా ఉండదు. చెట్లు కొట్టేసి ఉంటారు, పాత ఇళ్ళు కూల్చేసి ఉంటారు, పొగ గొట్టాలు లేచి ఉంటాయి, ఎవడో కొత్త పెత్తందారు రూల్స్ అంటించి ఉంటాడు. వాళ్ళు మళ్ళీ అక్కడా పోరాడాలి. జాక్సన్ సినిమాలో అది లేదు. ఊరు వెళ్ళినప్పటిలాగే పచ్చగా ఉంటుంది, నలుగురూ కూర్చుని బీరు తాగుతారు. నా దృష్టిలో ఇది బొంబడిల్‌ని తీసేయడం లాంటి చిన్న విషయం కాదు. కథ అర్థమే మారిపోతుంది.

మూడో సినిమా అయిపోయాక ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. టీవీ ఆపేసి, భోజనాల దగ్గర, తెలుగులో, నాకు గుర్తున్నంత మేరకి చెప్పాను. సారుమాన్ పేరు షార్కీగా ఎలా మారిందో చెప్పాను, శామ్ తెచ్చుకున్న మట్టి గురించి చెప్పాను. పిల్ల మధ్యలో "అయితే సినిమాలో అబద్ధం చెప్పారా?" అంది. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మొన్న మీ మావయ్య కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు మన ఊరి మలుపే గుర్తుపట్టలేదురా నేను" అంది. గుంటూరు పక్కన ఆ ఊరి చుట్టూ పొలాలన్నీ ఇప్పుడు వెంచర్లు. మలుపులో ఉండే చింతచెట్టుని రోడ్డు వెడల్పులో కొట్టేశారు. బస్సు ఆ చోటు దాటిపోయాక గానీ ఆవిడకి తెలియలేదట.

సినిమా ముందు చూడకపోతే ఈ మాట మా డైనింగ్ టేబుల్ మీదకి వచ్చేదే కాదు. సినిమా ఒక్కటే చూసి ఊరుకున్నా వచ్చేది కాదు, అదీ ఒప్పుకుంటాను. రెండింటి మధ్యా ఎవరో కూర్చుని, ఇది ఇలా లేదు, అలా ఉంది అని చెప్పాలి. మడి పాటించే మా స్నేహితులు తప్పించుకుంటున్నది ఆ పనినే. నియమం పెట్టడం తేలిక. పిల్లకి పుస్తకం, తనకి ఫోను. రాత్రి తొమ్మిదింటికి లాప్‌టాప్ మూసి చదివి వినిపించడం కష్టం.

"అయితే మీ అమ్మాయి ఇక ఆ పుస్తకం చదవదన్నమాట" అన్నాడు ఒక స్నేహితుడు, దొరికిపోయావన్నట్టు. చదవకపోవచ్చు. ఇప్పటికైతే చదవలేదు. పన్నెండేళ్ళకి చదవొచ్చు, నాలాగా హాస్టల్లో చదవొచ్చు, అసలు చదవకనే పోవచ్చు. విలియం గోల్డ్‌మన్ ప్రిన్సెస్ బ్రైడ్‌లో (1973) తండ్రి విసుగు పుట్టించే చోట్లన్నీ దాటేసి బాగున్న ముక్కలే కొడుక్కి చదివి వినిపిస్తాడు. పెద్దయ్యాక గానీ అసలు పుస్తకం ఎంత విసుగో కొడుక్కి తెలీదు. ఆ తండ్రిని ఆ నవలలో ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు మా ఇంట్లో హాబిట్ మళ్ళీ మొదలైంది, బుక్‌మార్క్ తీసేశాం. వారానికి మూడు నాలుగు రాత్రులు నేను ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్తాను. పాటలు దాటేస్తున్నాను, అవి నాకు తెలుగులో రావు. మరుగుజ్జుల పేర్లు పదమూడూ గుర్తుపెట్టుకునే పని పిల్లది. నేను తప్పు చెప్తే పట్టుకుంటుంది. పొడుపుకథల అధ్యాయానికి రెండు రాత్రులు పట్టింది, ఎందుకంటే గుడ్డు పొడుపుకథ వినగానే నానమ్మ తన దగ్గరున్నవి తీసింది. గొల్లమ్‌ని పక్కనపెట్టి ఇద్దరూ పోటీ పడ్డారు, మా అమ్మాయి పద్నాలుగింట్లో అయిదు చెప్పింది. నిన్న రాత్రి సాలెపురుగుల దగ్గర ఆపాను. పొద్దున కాఫీ ఇస్తూ అమ్మ, ఆ మరుగుజ్జులు ఇంకా వేలాడుతూనే ఉన్నారా అని అడిగింది.